ఉద్యోగం చేస్తూ ప్రజారోగ్యంలో పీజీ: పనిచేసే చోటే మెంటర్ ఏర్పాటుకు సమగ్ర మార్గదర్శి

పూర్వపు వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, టీబీ యూనిట్‌లోనో, జిల్లా వైద్యారోగ్య శాఖ కార్యాలయంలోనో ఉద్యోగం చేస్తూ ప్రజారోగ్యంలో పీజీ చేయాలనుకునేవారు తరచూ కనిపిస్తారు. వారిలో స్టాఫ్ నర్సులు, పల్లె దవాఖానాల్లోని మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయుష్ వైద్యులు, డేటా మేనేజర్లు ఉంటారు. వీరికి క్షేత్రానుభవం కొదవ లేదు. జ్వర సర్వేలో ఇంటింటికీ తిరిగినవారికి జనంలో వ్యాధులు ఎలా వ్యాపిస్తాయో చెప్పే ఎపిడెమియాలజీ తొలి అధ్యాయం కొత్తగా అనిపించదు. చదువు నడుమ ఆగిపోయేది ఎక్కువగా వేరే రెండు లోటుల వల్ల. ఎవరూ కదిలించకుండా చదువుకునే గంటలు దొరకవు. సగం రాసిన పేజీని చదివి ‘ఇక్కడ పొసగలేదు’ అని చెప్పే మనిషి పక్కన ఉండడు. కార్యాలయంలో మెంటర్ ఏర్పాటు అంటే ఈ రెండు లోటులనూ తీర్చడమే. ఈ మార్గదర్శిని ప్రధానంగా వైద్యాధికారులు, ప్రోగ్రాం అధికారులు, సీనియర్ సూపర్‌వైజర్ల కోసం రాశాము. చదివే ఉద్యోగులు కూడా దీన్ని చూసి తాము ఏమేమి అడగవచ్చో తెలుసుకోవచ్చు.

అడుగు 1: కోర్సులో చేరకముందే కూర్చోవాలి

మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ఎంపీహెచ్, రెండేళ్ల కోర్సు; వైద్యులే కాక ఇతర పట్టభద్రులు కూడా ఇందులో చేరవచ్చు. కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ మూడేళ్లు; దానికి ఎంబీబీఎస్ తప్పనిసరి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ ఎంపీహెచ్ ఉంది. ఎక్కడ చేరినా ముందుగా తేల్చుకోవలసిన విషయం హాజరు. రెగ్యులర్ కోర్సులో చేరి ఇక్కడ డ్యూటీ రిజిస్టరులో సంతకం, అక్కడ తరగతిలో సంతకం ఒకే రోజున పెట్టడం కుదరదు, పెట్టకూడదు. కాజీపేటలో పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగి రావచ్చన్న లెక్క మొదటి నెలలో బాగానే ఉంటుంది. పరీక్షల నాటికి అది చెల్లదు.

అందువల్ల దరఖాస్తుకు ముందే మెంటర్, ఉద్యోగి కలిసి మూడు కాగితాలు సిద్ధం చేసుకోవాలి. మొదటిది శాఖ నుంచి నిరభ్యంతర పత్రం. రెండోది సెలవుల పరిస్థితి: రెగ్యులర్ ఉద్యోగికి వర్తించే సెలవు నిబంధనలు కాంట్రాక్టు ఉద్యోగికి వర్తించవు కాబట్టి, ఆయన ఒప్పందంలో ఏముందో అక్షరం అక్షరం చదవాలి. మూడోది కోర్సు గుర్తింపు. దూరవిద్య ద్వారానో ఆన్‌లైన్ ద్వారానో చేసే కోర్సయితే యూజీసీ దూరవిద్యా విభాగం ప్రచురించే జాబితాలో ఆ సంస్థ, ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో స్వయంగా చూడాలి. ఫీజు కట్టించుకునేవారు చెప్పే మాట ఈ విషయంలో పనికిరాదు.

అడుగు 2: మెంటర్ ఎవరన్నది తేల్చడం

మొదటి నియమం ఒకటే. ఉద్యోగి పనితీరు నివేదిక రాసే అధికారి, సెలవు మంజూరు చేసే అధికారి మెంటర్ కాకూడదు. తన డ్యూటీ చార్టు వేసే మనిషి ముందు ఏ నర్సూ ‘ఈ నెల ఒక్క పేజీ కూడా చదవలేదు మేడమ్’ అని చెప్పదు. అది చెప్పలేకపోతే మెంటర్ ఉండీ ప్రయోజనం లేదు. పక్క మండలం వైద్యాధికారి, జిల్లా స్థాయి ప్రోగ్రాం అధికారి, సర్వైలెన్స్ విభాగంలోని ఎపిడెమియాలజిస్టు, పదవీ విరమణ చేసిన ఆరోగ్య విస్తరణాధికారి వంటివారు నయం. పై అధికారికి ఉండే పాత్ర వేరు: సమయం ఇవ్వడం, ఇచ్చిన సమయాన్ని మళ్లీ లాక్కోకపోవడం.

వీలైతే ఇద్దరు మెంటర్లు ఉండటం మంచిది. ఒకరికి క్షేత్రం తెలిసి ఉండాలి, మరొకరికి పరిశోధనా పద్ధతులు, గణాంకాలు తెలిసి ఉండాలి. వరంగల్‌కు ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ఎంజీఎం ఆసుపత్రి, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయ కేంద్రం అన్నీ నగరంలోనే ఉన్నాయి. కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకుల్లో ఒకరిని నెలకో గంట అడిగితే కాదనేవారు అరుదు. అడగడమే జరగదు.

విశ్వవిద్యాలయం నియమించే గైడుకూ, మెంటర్‌కూ మధ్య హద్దు కూడా ముందే గీసుకోవాలి. పద్ధతి విషయంలో గైడుదే తుది మాట. ఆ పద్ధతి ఏటూరునాగారం గూడేల్లో నడుస్తుందా లేదా అని చెప్పవలసింది మెంటర్.

అడుగు 3: ఒక పేజీ ఒప్పందం, ఒక క్యాలెండర్

ఒప్పందంలో పెద్ద మాటలు అక్కర్లేదు. ఎన్నాళ్లకోసారి కలుస్తారు, ఎక్కడ కలుస్తారు, రాసిన దాన్ని మెంటర్ ఎన్ని రోజుల్లో చదివి ఇస్తారు, ఏ విషయాలు ఇద్దరి మధ్యే ఉండాలి, ఇద్దరిలో ఒకరికి బదిలీ అయితే ఏం చేయాలి. ఇవి రాసి, ఇద్దరూ సంతకం చేసి, వారానికి ఎన్ని గంటలు చదువుకు విడిచిపెడతారో పై అధికారి చేత కూడా రాయించుకోవాలి. నోటి మాటగా ఇచ్చిన ‘చూద్దాం లే’ జూలైలో మొదటి డెంగీ కేసు రాగానే గాలికి పోతుంది.

క్యాలెండర్ వేసేటప్పుడు విశ్వవిద్యాలయం పంపిన షెడ్యూలును ఒక పక్క, మన ఏడాదిని మరో పక్క పెట్టుకోవాలి. జూలై నుంచి అక్టోబరు దాకా సీజనల్ జ్వరాలు. ఏజెన్సీ మండలాల్లో ఆ నెలల్లో ఎవరికీ తీరిక ఉండదు. బుధ, శనివారాలు టీకాల రోజులు కాబట్టి చదువు గంటలు ఆ రోజుల్లో పెట్టకూడదు. నెలాఖరు నివేదికల రోజులు కూడా వదిలేయాలి. సరిసంఖ్య సంవత్సరాల్లో మాఘ పౌర్ణమి ప్రాంతంలో మేడారం జాతర వస్తుంది. ములుగు జిల్లా వారికే కాక చుట్టుపక్కల జిల్లాల సిబ్బందికి కూడా అక్కడి శిబిరాల్లో డ్యూటీలు పడతాయి, దానికి ముందు ఏర్పాట్లకు మరికొన్ని వారాలు పోతాయి. అదే సమయంలో థీసిస్ ముసాయిదా ఇవ్వవలసి ఉంటే ఆ గడువు తప్పుతుందని చేరిన రోజే తెలుసు. గడువును జాతరకు ముందే పడేలా మార్చుకోవడమో, విశ్వవిద్యాలయానికి ముందే లేఖ రాయడమో చేయాలి. నవంబరు, డిసెంబరు, మార్చి నెలలు రాత పనికి కాస్త అనుకూలం. అయితే పత్తి తీసే రోజుల్లో పల్లెల్లో పగలు ఇళ్ల దగ్గర మనుషులు దొరకరు. సర్వే అప్పుడే పెట్టుకుంటే పొద్దున ఎనిమిదిలోపు లేదా సాయంత్రం ఆరు దాటాక వెళ్లాలి.

అడుగు 4: సమావేశం

పదిహేను రోజులకోసారి నలభై అయిదు నిమిషాలు చాలు. ఉద్యోగి రెండు రోజుల ముందే అర పేజీ పంపాలి: గత సమావేశం తర్వాత ఏం చేశారు, ఎక్కడ ఆగారు, ఈసారి ఏం తేల్చుకోవాలి. అర పేజీ రాకపోయినా సమావేశాన్ని రద్దు చేయకూడదు, ఎందుకు రాలేదన్నదే ఆ రోజు మాట్లాడుకోవాలి. బదిలీలు, పీఆర్సీ, పక్క పీహెచ్‌సీ సంగతుల మీదికి మాట మళ్లడం సహజమే గాని, వాటికి టీ తాగే పది నిమిషాలు చివర్లో కేటాయిస్తే మొదటి ముప్పై అయిదు నిమిషాలు మిగులుతాయి. వెళ్లేముందు వచ్చేసారికి చేయవలసిన పని ఒకటే రాసుకోవాలి. అయిదు రాసుకున్నవారు ఒకటీ చేయరు.

అడుగు 5: అంశాన్ని కుదించడం

మెంటర్ విలువ నిజంగా తెలిసేది ఇక్కడే. ఉద్యోగులు తొలిసారి తెచ్చే అంశం దాదాపు ఎప్పుడూ జిల్లా అంత పెద్దదిగా ఉంటుంది. సంభాషణ ఎలా సాగాలో ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. పల్లె దవాఖానాలో పనిచేసే ఒక మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, పక్క మండలం వైద్యాధికారి మాట్లాడుకుంటున్నారు.

‘మేడమ్, వరంగల్ జిల్లాల బీపీ మీద స్టడీ చేద్దామనుకుంటున్న.’

‘బీపీ మీద ఇప్పటికే చాలా ఉన్నాయి సిస్టర్. మీ దవాఖానాలో బీపీ విషయంలో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నదేంటో చెప్పండి.’

‘పేరు రాయించుకుంటరు, మొదటి నెల గోలీలు తీసుకపోతరు. తర్వాత వస్తలేరు మేడమ్. ఆశాను పంపిస్తే మంచిగనే ఉన్న కదా, గోలీ ఎందుకంటరు.’

‘ఎంతమంది అట్ల ఆపేశారో రిజిస్టరులో తెలుస్తుందా?’

‘ఫాలో అప్ గడి ఖాళీ ఉంటది. ఆపేసిన్రా, ప్రైవేటుల కొనుక్కుంటున్రా తెలువదు.’

ఆ ఖాళీ గడే అసలు పరిశోధన ప్రశ్న. ‘రక్తపోటు ఉందని నమోదైన వారిలో గత మూడు నెలల్లో మందులు ఆపినవారు ఎంతమంది, ఏ కారణాల వల్ల ఆపారు?’ అన్నది ఒక ఉద్యోగి ఒక సీజనులో చేయగలిగిన పని. దాని జవాబు ఆ దవాఖానాకు మరుసటి నెల నుంచే పనికొస్తుంది. బీపీ, షుగర్ వంటి అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో 30 ఏళ్లు నిండినవారందరికీ స్క్రీనింగ్ జరుగుతోంది కాబట్టి పేర్ల జాబితా ఎలాగూ ఉంటుంది. మెంటర్ ఇక్కడ ప్రశ్న తాను తయారుచేసి ఇవ్వలేదని గమనించాలి. రోజూ చేసే పనిలో ఉద్యోగికి ఎక్కడ గుచ్చుకుంటున్నదో అడిగారు, అంతే.

తర్వాత నమూనా పరిమాణం, అంటే ఎంతమందిని ప్రశ్నించాలన్న లెక్క. దీన్ని చూసి భయపడి చాలామంది ఎవరి థీసిస్‌లోనో ఉన్న అంకెను ఎత్తి రాస్తారు. మెంటర్ పక్కన కూర్చుని చేతితో లెక్క వేయించాలి. మందులు ఆపినవారు 30 శాతం ఉండవచ్చని ముందస్తు పరిశీలన చెప్పిందనుకుందాం; అటూ ఇటూ 5 శాతం తేడాను ఒప్పుకుందాం. సూత్రం ప్రకారం 4ను 30తో, దాన్ని మిగతా 70తో గుణించి, వచ్చిన 8,400ను 5 వర్గమైన 25తో భాగిస్తే 336. కాని ఆ దవాఖానాల పరిధిలో నమోదైనవారే మొత్తం 600 మంది అయితే జనం తక్కువగా ఉన్నప్పుడు నమూనాను తగ్గించే పరిమిత జనాభా సవరణ చేయాలి: 336లో ఒకటి తీసేసి, 335ను 600తో భాగించి, ఒకటి కలిపి, 336ను దానితో భాగిస్తే దాదాపు 216. పదిమందిలో ఒకరు దొరకరనుకుంటే 216ను 0.9తో భాగించి 240 మందిని ఎంచుకోవాలి. 336కూ 240కీ తేడా కాగితం మీద చిన్నదే. డ్యూటీ అయ్యాక స్కూటీ మీద ఇళ్లు తిరిగే మనిషికి అది కొన్ని వారాల సాయంత్రాలు.

మరో విషయం మెంటరే ఎత్తి చూపాలి, ఎందుకంటే ఉద్యోగికి అది తోచదు. మందులిచ్చే సిస్టరే వెళ్లి ‘గోలీలు వేసుకుంటున్నారా?’ అని అడిగితే ‘వేసుకుంటున్న బిడ్డా’ అనే అంటారు. అందువల్ల ఆమె తన పరిధిలో కాక మరో ఉపకేంద్రం పరిధిలో ప్రశ్నలు అడగాలి, లేదా పక్క దవాఖానా వారితో పని మార్చుకోవాలి. ఇంట్లో మిగిలిన గోలీల పత్తాలను లెక్కించే పద్ధతినీ చేర్చుకోవచ్చు.

అడుగు 6: నైతిక అనుమతి, డేటా

డ్యూటీలో చూసే డేటా చదువుకు సొంత డేటా కాదు. ఈ ఒక్క మాటను ఉద్యోగి మనసుకు పట్టేలా చెప్పడానికి ఒక సమావేశం మొత్తం పోయినా నష్టం లేదు. నిక్షయ్ పోర్టల్‌లో టీబీ రోగుల వివరాలు, ఐహెచ్‌ఐపీ అనే వ్యాధుల నిఘా వేదికలో జ్వరాల నివేదికలు, అసాంక్రమిక వ్యాధుల పోర్టల్‌లో బీపీ, షుగర్ వివరాలు ఉద్యోగి లాగిన్‌తో తెరుచుకుంటాయి; ఆ లాగిన్ ఇచ్చింది సేవ కోసం. పరిశోధనకు వాడాలంటే జిల్లా వైద్యారోగ్య అధికారి రాతపూర్వక అనుమతి, సంస్థ నైతిక సమీక్షా కమిటీ ఆమోదం రెండూ కావాలి. భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు విద్యార్థుల పరిశోధనకూ వర్తిస్తాయి. వాటి ప్రకారం ముప్పు స్థాయిని బట్టి సమీక్ష నుంచి మినహాయింపు, వేగవంతమైన సమీక్ష, పూర్తి కమిటీ సమీక్ష అని మూడు దారులున్నాయి. తన పరిశోధన ఏ దారిలో వెళ్లాలో తేల్చేది కమిటీయే గాని విద్యార్థి కాదు. ఆమోదం రాకముందే సేకరించిన డేటాకు వెనకటి తేదీతో అనుమతి తీసుకోవడం కుదరదు. అందుకే దరఖాస్తు వీలైనంత ముందుగా పెట్టించాలి.

సమ్మతి పత్రం చదవలేనివారికి దాన్ని చదివి వినిపించాలి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకోవాలి. ఆశా కార్యకర్తను సాక్షిగా పెట్టడం సులువే, కాని ఆమె అదే వ్యవస్థలో భాగం. స్వయం సహాయక సంఘం సభ్యురాలో, ఊరి బడి టీచరో నయం.

పేరు, ఆధార్, ఫోను, ఇంటి నంబరు గడులు తీసేస్తే చాలుననుకోవద్దు. నలభై ఇళ్ల తండాలోనో గూడెంలోనో ‘62 ఏళ్ల స్త్రీ, టీబీ, ఒంటరి’ అని రాస్తే ఊరంతటికీ ఆమె ఎవరో తెలుస్తుంది. చిన్న ఆవాసాల పేర్లు థీసిస్‌లో రాకూడదు. వయసును పదేళ్ల వర్గాలుగా రాయించాలి. పట్టికలో ఏ గడిలోనైనా అయిదుగురి కంటే తక్కువ ఉంటే పక్క వర్గంతో కలపమనడం మంచి అలవాటు.

అడుగు 7: జిల్లాల సరిహద్దులు గుర్తుంచుకోవడం

ఇది మన రాష్ట్రంలో ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి. బయటి గైడులు చాలామంది దీన్ని పట్టుకోలేరు. 2011 జనగణన నాటి వరంగల్ వేరు, నేటి వరంగల్ వేరు. 2016 అక్టోబరు 11న పాత జిల్లా విడిపోయి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. 2021లో అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపించేది పాత ఉమ్మడి జిల్లా. 2019-21లో జరిగిన అయిదో సర్వే 2017 మార్చి నాటి జిల్లాలను తీసుకుంది కాబట్టి అందులో ములుగు విడిగా ఉండదు, భూపాలపల్లిలోనే కలిసి ఉంటుంది. ఈ రెండు సర్వేల ‘వరంగల్’ అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో రాసిన వాక్యం కనబడితే మెంటర్ వెంటనే కొట్టేయాలి. రాష్ట్ర స్థాయి అంకెలతో ఈ చిక్కు లేదు. ఉదాహరణకు అయిదో సర్వేలో తెలంగాణలో సిజేరియన్ కాన్పులు 60.7 శాతం అన్నదాన్ని నేపథ్యంగా నిశ్చింతగా వాడవచ్చు.

అడుగు 8: రాయించడం, రాసిపెట్టకపోవడం

తెలుగు మీడియంలో చదివిన ఉద్యోగులు ఇంగ్లీషులో రాయవలసి వచ్చేసరికి ఇతరుల వాక్యాలను ఎత్తుకోవడానికి అలవాటు పడతారు. దీనికి తిట్లు మందు కాదు. ముందుగా తమ ఫలితాన్ని తెలుగులో నోటితో చెప్పించి, ఫోనులో రికార్డు చేయించి, దాన్ని వింటూ చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాయమనాలి. భాష సాదాగా ఉంటుంది, ఆలోచన మాత్రం వారిదే అవుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సారూప్యం, అంటే ఇతరుల రాతతో పోలిక, 10 శాతం వరకు ఉంటే చర్య ఉండదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే సవరించి మళ్లీ సమర్పించాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు కావచ్చు. ఈ అంకెలను మొదటి అధ్యాయం రాయకముందే చెప్పాలి. మూలాలను నిర్వహించడానికి జొటెరో, విశ్లేషణకు ఆర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒకే సమయంలో వివరాలు సేకరించే క్రాస్ సెక్షనల్ అధ్యయనాలైనా, ఇతర పరిశీలనాత్మక అధ్యయనాలైనా, నివేదికలో ఏమేమి ఉండాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్టును ముందు పెట్టుకుని రాస్తే సగం లోపాలు రాకుండా పోతాయి.

మెంటర్ పేజీకి మూడు నాలుగు వ్యాఖ్యలకు మించి రాయకూడదు. మొదటిసారి వాదన చూడాలి, రెండోసారి పట్టికలు, ఆఖర్నే భాష. వాక్యాలను తానే తిరగరాసి ఇవ్వడం దయలా కనిపిస్తుంది గాని వైవా గదిలో మెంటర్ ఉండడు.

పరిశోధన తర్వాత పత్రికలో వ్యాసంగా వస్తే రచయితలుగా ఎవరి పేర్లుండాలన్న ప్రశ్న లేస్తుంది. అంతర్జాతీయ వైద్య పత్రికా సంపాదకుల సంఘం చెప్పే నాలుగు షరతులు, అంటే పరిశోధనలో గణనీయమైన పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో భాగం, తుది ప్రతికి ఆమోదం, మొత్తానికి జవాబుదారీ, అన్నీ తీరినవారే రచయితలు. డేటాకు అనుమతి ఇచ్చిన అధికారికి కృతజ్ఞతలు చెబితే సరిపోతుంది. ఈ మాట అధికారితో చెప్పవలసింది చదివే ఉద్యోగి కాదు, మెంటరే.

అడుగు 9: దారి తప్పుతున్నప్పుడు

అర పేజీ వరుసగా రెండుసార్లు రాకపోవడం, ‘అంతా బాగానే ఉంది సార్’ అన్న ఒకే జవాబు, సమావేశాన్ని ఫోనుకు మార్చమనడం: ఈ మూడూ కలిసి వస్తే ఉద్యోగి చదువు మానేసే ఆలోచనలో ఉన్నట్టే. కారణం చాలాసార్లు ఇంటి దగ్గరే ఉంటుంది. డ్యూటీ, ఇల్లు, పిల్లల పరీక్షలు ఒకేసారి మీద పడే మహిళా ఉద్యోగులకు ఉపదేశం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒక సెమిస్టరును వాయిదా వేసుకునే వీలుందా, ఒక పేపరును వచ్చే విడతకు నెట్టవచ్చా అన్నది విశ్వవిద్యాలయ నిబంధనల్లో చూసిపెట్టాలి. ఒక పేపరు తప్పినంత మాత్రాన ఆ విషయం కార్యాలయంలో ఎవరి నోటా రాకూడదు. ఇద్దరికీ పొసగకపోతే మెంటర్‌ను మార్చడానికి కారణం అడగకుండా ఒప్పుకోవాలి.

అడుగు 10: ఫలితం ఎక్కడ చెప్పాలి

వైవా అయ్యాక థీసిస్ బీరువాలోకి చేరకముందే రెండు పనులు చేయించాలి. ఒకటి, పీహెచ్‌సీ నెలవారీ సమీక్షలో పది నిమిషాల ప్రసంగం. పై ఉదాహరణలోని సిస్టర్ అయితే మందులు ఆపడానికి చెప్పిన మొదటి మూడు కారణాలు, వాటిలో దవాఖానా చేతిలో ఉన్నవి ఏవి అన్నంతవరకే చెప్పాలి. రెండోది, సర్వేకు తలుపు తీసిన ఊళ్లలో గ్రామసభలోనో, ఆశాల సమావేశంలోనో తెలుగులో ఒక పేజీ చదివి వినిపించడం. అందులో ఎవరి పేరూ ఉండకూడదు. ఆ పేజీ ఒక ప్రతి, నైతిక కమిటీకి ఇచ్చిన ముగింపు నివేదిక ఒక ప్రతి, వాడిన ప్రశ్నావళి ఒక ప్రతి కార్యాలయం ఫైలులో ఉంచితే, వచ్చే ఏడాది చేరే ఉద్యోగి అయిదో అడుగును మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.